ముకాదం లెక్క – సర్వకళాశాల పట్టా

పన్నెండవ తరగతి ఫలితాలు వెలువడిన నాటినుంచి మన గల్లీలలో ఒకటే మాట వినబడుతున్నది: "మా వాణ్ణి మేనేజ్‌మెంటులో వేస్తున్నాం." ఒకప్పుడు ఇదే గొంతుతో ఇంజనీరింగు అనేవారు. అంతకు పూర్వం టైపు, షార్టుహాండు అనేవారు. కాలానికొక చదువు ముందుకు రావడం సహజమే. కాని ఆ మాట అన్న తండ్రిని నిలబెట్టి "మేనేజ్‌మెంటులో ఏమి నేర్పుతారు?" అని అడిగితే, "ఏమో, చదివినవాళ్ళు ఏ.సి. గదిలో కుర్చీమీద కూర్చుంటారు" అంటాడు. కుర్చీ సంగతి తరువాత చూచుకోవచ్చు. లక్షలతో కూడిన వ్యవహారము గనుక ఆ చదువు పుట్టుపూర్వోత్తరాలు, అందులోని లాభనష్టాలు మన కుటుంబాలవారు ముందుగా తెలుసుకొనుట మంచిది. ఈ నెల ఆ సంగతే మనవి చేస్తాను.

నిజానికి ఈ విద్య మనవారికి క్రొత్త కాదు. 18వ శతాబ్దం చివర నిజాం రాజ్యం నుంచి రాయి కొట్టడానికీ, మన్ను మోయడానికీ, గోడ కట్టడానికీ బొంబాయి వచ్చిన కామాటీల పేరే మన పేటకు నిలిచినది. వారిలో చాలామంది తట్ట మోసినవారే. కొద్దిమంది ముకాదములైనారు. వారిలోనూ బహు కొద్దిమంది గుత్తేదార్లైనారు. తట్ట మోసేవానికీ ముకాదముకూ ఉన్న తేడా బలంలో లేదు, లెక్కలో ఉన్నది. ఈ రోజు ఎందరు హాజరు, ఎవరికి ఎంత బయానా ముట్టినది, రాయి ఎన్ని బ్రాసులు దిగినది (నూరు ఘనపుటడుగులు ఒక బ్రాసు), వానాకాలం నాలుగు నెలలు పని ఆగితే మనుషులను ఎట్లా నిలుపుకోవాలి, బిల్లు చేతికి వచ్చేదాకా షావుకారు వద్ద ఎంత తేవాలి, ఆ వడ్డీ పోను మిగిలేదేమిటి – ఇన్నీ తలలో పెట్టుకొని తిరిగినవాడే ముకాదం. ఈనాడు సర్వకళాశాలలో కార్మిక నిర్వహణ, వ్యయ గణకము, ద్రవ్య నిర్వహణ అని మూడు వేరు వేరు గ్రంథాలు పెట్టి చెప్పేది ఇదే.

ఆ గుత్తేదార్లలో చదువు విలువ ఎరిగినవారుండిరి. మహాత్మా జ్యోతిరావు ఫూలే 1873లో పుణేలో సత్యశోధక సమాజము స్థాపించగా, బొంబాయిలో దానికి అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకు బాళోజీ కాలేవార్ వంటి తెలుగువారు ముఖ్యులు. ఫూలేగారు కూడా గుత్తపనులు చేసి జీవించినవారే. కూలివానికి అక్షరము, అంకె రాకపోతే ఎవరెవరు ఎక్కడెక్కడ కోత కోస్తారో ఆయనకు పనిచోటనే తెలిసినది. చదువు ఆయనకు అలంకారము కాదు, కూలి డబ్బు కూలివానికి చేరే మార్గము.

ఇక బడిలో చెప్పే వాణిజ్య విద్య సంగతి. బొంబాయి సర్వకళాశాల 1857లో పుట్టినది. అయినా వ్యాపారపు నగరంలో వ్యాపారము నేర్పే కళాశాల రావడానికి మరి 56 ఏండ్లు పట్టినది. 1913లో సిడెన్‌హాం కళాశాల వెలసినది. అక్కడ 1918 నుంచి 1920 వరకు అర్థశాస్త్రాచార్యులుగా పనిచేసినవారు డాక్టరు భీమరావు అంబేడ్కరు. ఆ రోజులలో ఆయన నివాసము పరేల్‌లోని ఇంప్రూవ్‌మెంటు ట్రస్టు చాళ్. మన ఖోలీలవంటి ఖోలీలనుంచే ఆయన వెళ్ళి పాఠము చెప్పి వచ్చేవారు. తోటి ఆచార్యులలో కొందరు తమ నీళ్ళ కూజా ఆయన ముట్టరాదన్నారు. విద్యార్థులు మాత్రం ఆయన పాఠము కోసం ఇతర కళాశాలలనుంచి కూడా వచ్చి కూర్చునేవారు. చాళ్‌లో పుట్టినవానికి వాణిజ్య విద్య ఎందుకు అని ఎవరైనా అంటే ఈ ఒక్క సంగతి చాలును.

వ్యాపార నిర్వాహకత్వమును పట్టా చదువుగా మొదలుపెట్టినవారు అమెరికావారు. పెన్సిల్వేనియా సర్వకళాశాలలో వార్టన్ పాఠశాల 1881లోను, హార్వర్డులో వ్యాపార పాఠశాల 1908లోను ప్రారంభమైనవి. మనదేశంలో స్వరాజ్యము వచ్చిన తరువాతనే ఇది ఊపందుకొన్నది. పెద్ద కర్మాగారాలు లేచినవి, నడిపేవారు కావలసివచ్చినది. మన తెలుగువారు సంతోషింపవలసిన విషయమొకటి కలదు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1957లోనే ఎం.బి.ఏ. తరగతులు తెరచి, దేశంలో తొలుదొల్త ఈ చదువు చేపట్టిన సర్వకళాశాలలలో ఒకటిగా నిలిచినది. హైదరాబాదులోని బెల్లా విస్టా భవనంలో ఉద్యోగులకు నిర్వాహక శిక్షణ ఇచ్చే స్టాఫ్ కాలేజీ 1956లో ఏర్పడినది. కలకత్తా, అహమ్మదాబాదులలో ఐ.ఐ.ఎం.లు వచ్చినది 1961లో. మన నగరంలో బొంబాయి సర్వకళాశాలవారి జమ్నాలాల్ బజాజ్ సంస్థ 1965లో, అమెరికాలోని స్టాన్‌ఫర్డు సర్వకళాశాల సహకారంతో మొదలైనది. అది చర్చిగేటు దగ్గర. మన ఇండ్లనుంచి ముంబయి సెంట్రల్ స్టేషనుకు నడిచి బండి ఎక్కితే నాలుగే స్టేషన్లు. దూరము అది కాదు, వేరే ఉన్నది.

ఈ చదువులో నేర్పేదేమిటో ఒక చిన్న లెక్కతో చెబుతాను. మన గల్లీ మొగదలలో ఒక తల్లి ఇడ్లీల బండి పెట్టినది అనుకుందాం. జాగా కిరాయి, బండి కిరాయి కలిపి నెలకు 6,000 రూపాయలు. ప్లేటుకు బియ్యము, పప్పు, గ్యాసు ఖర్చు 18 రూపాయలు, అమ్మేది 30కి. ప్లేటుకు మిగిలేది 12. కిరాయి తీరడానికి నెలకు 500 ప్లేట్లు, అంటే రోజుకు 17 ప్లేట్లు అమ్మాలి. పదునెనిమిదవ ప్లేటునుంచి లాభము అని ఆమె సంతోషిస్తుంది. కాని వాణిజ్యము చదివినవాడు అక్కడ ఆగి "అమ్మా, నీ కూలి ఎక్కడ వేశావు?" అని అడుగుతాడు. తెల్లవారుజామున మూడింటికి లేచి పిండి రుబ్బే మనిషికి నెలకు 12,000 కూలి కట్టినా మొత్తం 18,000 అవుతుంది. అప్పుడు నెలకు 1,500 ప్లేట్లు, రోజుకు 50 అమ్మితేగాని బండి గిట్టదు. రోజుకు 30 ప్లేట్లు అమ్మే తల్లి లాభము తీస్తున్నానని అనుకొంటూ, తన కూలిలోనే సగానికి పైగా ప్రతి దినమూ పోగొట్టుకొంటున్నది. మన పేటలో బీడీలు చుట్టిన అవ్వలు, గుండీలు కుట్టిన అక్కలు ఎందరో ఈ విధంగానే తమ కూలి లెక్కలో వేయక బ్రతుకు వెళ్ళదీసినారు. ఈ ఒక్క ప్రశ్న అడగడం వచ్చినా ఆ విద్య సార్థకమే.

చదువుకోనివారి దగ్గర పెద్ద చదువులవారు నేర్చుకొన్న సందర్భాలు కూడా ఉన్నవి. 1959 మార్చి 15న గిర్గాంలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడమీద అప్పడాలు ఒత్తినారు. అదే లిజ్జత్ పాపడ్ సంస్థ. మన కళ్ళ ముందు సైకిళ్ళ మీద తిరిగే డబ్బావాలాల పనితీరును హార్వర్డువారు 2010లో పాఠముగా వ్రాసి తమ విద్యార్థులకు చెప్పినారు. ఇవి విని కొందరు "అయితే చదువెందుకు? అనుభవము చాలును" అంటారు. ఆ పాఠము వ్రాసిన ఆచార్యునికి జీతము ముట్టినది, చదివిన విద్యార్థికి పట్టా వచ్చినది. డబ్బా మోసినవాడు మరునాడు కూడా డబ్బానే మోసినాడు. అనుభవము ఉన్నవాని చేతికి కాగితము కూడా రావలెనని నేనంటాను.

ఇప్పుడు దారుల సంగతి. పన్నెండు తరువాత బి.కాం. ఒక దారి. నిర్వాహక విద్యను డిగ్రీ స్థాయిలోనే చెప్పే బి.ఎం.ఎస్., బి.బి.ఏ. రెండవ దారి. డిగ్రీ అయిన తరువాత ఎం.బి.ఏ. గాని, దానికి సాటిగా చెప్పబడే పి.జి.డి.ఎం. గాని మూడవది. సర్వకళాశాల ఇచ్చేది పట్టా. స్వతంత్ర సంస్థలు ఇచ్చేది డిప్లొమా. ఐ.ఐ.ఎం.లు సైతం 2017 నాటి చట్టము 2018లో అమలులోకి వచ్చేదాకా డిప్లొమాలే ఇచ్చేవి. కావున డిప్లొమా అయినంత మాత్రాన చులకన కాదు. ఎవరిచ్చిన డిప్లొమా అన్నదే ప్రశ్న.

2024-25 నుంచి ఒక పెద్ద మార్పు వచ్చినది. బి.ఎం.ఎస్., బి.బి.ఏ. చదువులు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి, అనగా ఏ.ఐ.సి.టి.ఇ. అజమాయిషీ క్రిందికి వచ్చినవి. మన రాష్ట్రంలో వాటికి ప్రవేశ పరీక్ష పెట్టినారు. సంగతి సమయానికి తెలియక ఎందరో పిల్లలు పరీక్షకు కూర్చోలేదు. ఆ యేడే రెండవ మారు పరీక్ష పెట్టవలసివచ్చినది. నగరంలోని కొన్ని కళాశాలలు తమ బి.ఎం.ఎస్.ను బి.కాం. మేనేజ్‌మెంటు స్టడీస్ అని పేరు మార్చి, ఆ పరీక్ష లేకుండా చేర్చుకొంటున్నవి. రెండూ సర్వకళాశాల డిగ్రీలే. పేరు చూచి కంగారు పడనక్కర లేదు. ఏది ఏ నియమము క్రింద వస్తుందో అడిగి చేరవలెను.

అడగకపోతే ఏమవుతుందో ఈమధ్య ఎదురుగా చూచినాను. దరఖాస్తులు నింపి పెట్టమని చాళ్‌లోనివారు నా దగ్గరకు వస్తుంటారు. అట్లే ఒక తండ్రి వచ్చినాడు. కొడుకు అత్తెసరు మార్కులతో డిగ్రీ గట్టెక్కినాడు. ఊరి బయట ఒక సంస్థలో ఎం.బి.ఏ. సీటు ఖాయమని ఒక ఏజెంటు చెప్పినాడట. రెండేండ్లకు 9 లక్షలు. ముందుగా 25,000 కట్టి రసీదు తెచ్చుకొన్నాడు. మిగిలిన దానికి భార్య పుస్తెలతాడు, రెండు గాజులు బ్యాంకులో పెట్టి, చాలనిదానికి ఖోలీ పగిడీ మీద అప్పు తీయాలని ఆలోచన. ఆ సంస్థవారి రంగుల పుస్తకము నా చేతికిచ్చినాడు. గుమాస్తా కన్ను గనుక చిన్న అక్షరాలమీదనే పడినది. చివరి పుటలో అడుగున, "అనుమతి కొరకు దరఖాస్తు చేయబడినది" అని ఉన్నది. అనగా అనుమతి లేదన్న మాట.

"తమ్మీ, ఇది ఇంకా అనుమతి రాని బడి" అన్నాను.

"పెద్ద బిల్డింగున్నదన్నా. నేను పోయి చూసిన" అన్నాడు.

బిల్డింగులు కట్టిన జాతివాళ్ళం మనం. బిల్డింగు ఎవరైనా కట్టవచ్చునని మనకంటె ఎవరికి తెలియాలి?

వాళ్ళ మాట అక్కడితో ఆగలేదు. ఆయన కూతురు బి.కాం. మొదటి తరగతిలో ముగించి, ఒక లెక్కల ఆఫీసులో పని చేస్తున్నది. ఆ పిల్ల ఎం.బి.ఏ. మాట ఎత్తితే "ఆడపిల్ల, ఇంకెంత చదువుతది? రేపు ఇంకొకరి ఇంటికి పోయేదే గదా" అని తండ్రి కొట్టివేసినాడు. అంతవరకు మాటాడక కూర్చున్న ఆయన భార్య అప్పుడన్నది: "పదకొండేండ్లసంది నా భిశీ లెక్క ఎవరు రాస్తున్నరు? ఇరవై మంది ఆడోళ్ళ పైసలు. ఒక్క రూపాయి తప్పిందా?" తండ్రి జవాబు చెప్పలేదు. నెలకు 1,000 చొప్పున 20 మంది వేసే ఆ భిశీ 20,000 రూపాయలు నెల నెలా ఒక ఇంటికి చేరుతున్నది. ఎవరి వంతు ఎప్పుడు, ఎవరి ఇంట పెండ్లి ఉంటే ఎవరిని వెనుకకు జరపాలి, ఎవరు ఆలస్యము చేస్తే ఎట్లా అడగాలి – అన్నీ ఆ పిల్ల చేతి వ్రాతలోనే ఉన్నవి. నిర్వాహకత్వము అంటే మరేమిటి?

కట్టిన 25,000 తిరిగి రాలేదు. తక్కిన సొమ్ము నిలిచినది. పుస్తెలతాడు ఆ తల్లి మెడలోనే ఉన్నది. కొడుకు ఒక దుకాణంలో కొలువుకు కుదిరినాడు. కూతురు రాత్రి పూట ప్రవేశ పరీక్షకు చదువుతున్నది. ఏమవుతుందో చూడవలెను. పరీక్ష కదా.

కాబట్టి డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు వేయండి. ఏ.ఐ.సి.టి.ఇ. అనుమతి ఈ యేటికి ఉన్నదా? పట్టా ఇచ్చేది ఏ సర్వకళాశాల, అది యు.జి.సి. జాబితాలో ఉన్నదా? సీటు ప్రభుత్వ ప్రవేశ విధానములోనిదా, సంస్థ తన ఇష్టము మీద ఇచ్చేదా? పత్రికలలో నిండు పుటల ప్రకటనలు వేసిన ఒక సంస్థను ఎం.బి.ఏ., బి.బి.ఏ. అనే పేర్లు వాడరాదని 2014లో ఢిల్లీ హైకోర్టు కట్టడి చేసినది. ప్రకటన సైజును చూచి మోసపోయినవారిలో మనకంటె పెద్ద చదువులవారు కూడా ఉన్నారు. అప్పు విషయమూ అంతే. విద్యా రుణము 4 లక్షల వరకు బ్యాంకువారు తాకట్టుగాని, పరాయి జామీనుగాని లేకుండా, తలిదండ్రుల సంతకముతో ఇచ్చే పద్ధతి ఉన్నది. బంగారము, పగిడీ ముందుగా బయటికి తీయవద్దు. వాయిదాలు చదువు ముగిసిన యేడాదికి మొదలైనా, వడ్డీ మాత్రం మొదటి దినమునుంచి లెక్కకు వస్తుందని మరువవద్దు.

మన ఇండ్లవారు ముఖ్యముగా గుర్తుంచుకోవలసినది ఇంకొకటి – పాత కాగితాలు. మహారాష్ట్రలో జాతి దాఖలా కావాలంటే కుటుంబము ఫలానా తేదీనాటికే ఈ రాష్ట్రంలో ఉన్నట్లు చూపాలి. అనుసూచిత కులాలవారికి ఆ తేదీ 1950 ఆగస్టు 10. విముక్త, సంచార జాతులవారికి 1961 నవంబరు 21. ఇతర వెనుకబడిన తరగతులకు, ప్రత్యేక వెనుకబడిన తరగతులకు 1967 అక్టోబరు 13. మూడు, నాలుగు తరాలుగా ఇక్కడ ఉన్న మనకు అది కష్టము కారాదు. కాని ఇల్లు వెళ్ళగ్రక్కినప్పుడు తాతగారి కిరాయి రసీదులు చిత్తుకాగితాలవానికి వేసినవారిని నేనెరుగుదును. తాతగారు చదివిన మునిసిపల్ తెలుగు బడిలోని రిజిస్టరు నకలు, మిల్లు కాగితము, పాత కిరాయి రసీదు – ఇవే మనుమరాలి సీటు. దాఖలా తరువాత వాలిడిటీ తీయడానికి నెలలు పట్టును గనుక పదకొండవ తరగతిలోనే మొదలుపెట్టవలెను. 8 లక్షల లోపు యేడాది ఆదాయము గల ఇండ్లలో, వెనుకబడిన తరగతులకు, ఆర్థికముగా బలహీనమైన వర్గాలకు చెందిన ఆడపిల్లలకు 2024-25 నుంచి వృత్తి విద్యలలో ట్యూషను ఫీజు, పరీక్ష ఫీజు మొత్తము ప్రభుత్వము మాఫీ చేసినది. అనుసూచిత కులాలవారికి వేరే ఏర్పాట్లు ముందునుంచీ ఉన్నవి. అయితే ప్రభుత్వ ప్రవేశ విధానములో సీటు వచ్చినవారికే ఈ మాఫీ. ఏజెంటు ఇప్పించిన సీటుకు రాదు. కొడుకు కోసం పుస్తెలు తాకట్టు పెట్టే ఇంటిలో కూతురు ఫీజు లేకుండా చదివే వీలుండవచ్చునన్న మాట.

కొలువు చేసుకొనేవారికి కూడా దారి ఉన్నది. అంబేడ్కరుగారి పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీవారు 1953లో సిద్ధార్థ వాణిజ్య కళాశాలను ఫోర్టులో తెరచినారు. పగలు పని చేసేవారు కూడా చదవాలన్నదే ఆ సంస్థ తొలినాటి ఆశయము. ఈనాటికీ నగరంలో ఎన్నో వాణిజ్య కళాశాలలు తెల్లవారుతూనే తరగతులు మొదలుపెట్టి, పనివేళకు వదలిపెడుతున్నవి. ముంబయి సర్వకళాశాలవారి దూరవిద్య 1971 నుంచి ఉన్నది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము హైదరాబాదులో 1982లో మొదలైనది. దానికీ, 1985లో ఢిల్లీలో వచ్చిన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపాధ్యక్షులు మన తెలుగువారైన ఆచార్య జి. రాంరెడ్డిగారే. ఇంటినుంచి చదివిన డిగ్రీ తక్కువదని ఎవరైనా అంటే లక్ష్యపెట్టనక్కర లేదు. చదివినామా లేదా అన్నదే ముఖ్యము.

ఈ తొందర ఇప్పుడెందుకంటే చెబుతాను. మ్హాడా ద్వారా కామాటిపుర అంతా పడగొట్టి తిరిగి కట్టవలెనని ప్రభుత్వము నిశ్చయించినది. రేపు మన చేతికి ఒప్పంద పత్రాలు వస్తవి. కార్పెటు ఏరియా ఎంత, కట్టేదాకా బయటి కిరాయి ఎవరిస్తారు, ఎన్నాళ్ళిస్తారు, క్రొత్త ఇంటికి నెలనెలా మెయింటెనెన్సు ఎంత పడును, సొసైటీ లెక్కలు ఎవరు వ్రాస్తారు – అవన్నీ ఇంగ్లీషులోను, మరాఠీలోను, చిన్న అక్షరాలలోను ఉంటవి. మన తాతలు ఇతరుల ఇండ్లు కట్టి, కాగితము చదువలేక తట్టలతోనే మిగిలినారు. మన ఇండ్లు కట్టే వేళకైనా ప్రతి చాళ్‌లో ఇద్దరు ముగ్గురు బిడ్డలు ఆ కాగితము చదివి, లెక్క కట్టి, "ఇక్కడ మాకు తక్కువ వేశారు" అని అడుగగలవారు కావలెను. ఎం.బి.ఏ. కాకపోయినా సరే, బి.కాం. అయినా చాలును.

కడపట ఒక మాట. మన పిల్లలు దరఖాస్తులలో ఫోరస్ రోడ్ అని వ్రాయడానికి జంకి ముంబయి సెంట్రల్ అని వ్రాస్తారు. ఆ రోడ్డుకు ఆర్.ఎస్. నిమ్కర్ మార్గ్ అని పేరు మార్చినా జంకు పోలేదు. వారిని నేను తప్పుపట్టను. ఆ చిరునామా చూచి మొగము మార్చే ఆఫీసులు ఉన్నవి. అయినా బిడ్డలారా, ఈ పేటకు పేరు పెట్టినది మన కామాటీల చేతిపని. పట్టా మీద మీ పేరు, చిరునామాలో మీ గల్లీ రెండూ పూర్తిగా వ్రాయగలిగే రోజు మీరే తేవలెను.

ప్రవేశ దరఖాస్తుల గడువు తేదీలు సంఘ కార్యాలయపు నోటీసు బోర్డుపై ప్రతి ఆదివారము పెట్టించమని కార్యదర్శిగారికి మనవి చేసినాను. కాగితాలు నింపడానికి సాయము కావలసినవారు సాయంత్రము ఏడు తరువాత రావచ్చును. వచ్చేటప్పుడు తాతగారి పెట్టె వెదకి మరీ రండి.